గురువారాల బండి

అల్వర్‌స్టన్, టాస్మేనియా
ఏప్రిల్ 16, 1985

పెద్దక్కకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ ఈస్టర్ కార్డు వచ్చేదాకా ఇంకా బాగున్నాం.

కార్డు మీద కుందేలు బొమ్మ. లోపల నాకూ గ్లెండాకూ శుభాకాంక్షలు. దాని కింద సందు చూసి ఇరికించినట్టు ఒక్క వాక్యం: "పాత సెడాన్ ఇచ్చేసి కొత్త జపాను బండి తీసుకున్నాను, టర్బో ఉంది." అంతే. మీ కుక్క పోయినప్పుడు కూడా రెండు పేజీలు రాశావు.

బావ పోయి ఏడు నెలలు కాలేదు. ఆయన పద్దెనిమిదేళ్ళు నడిపిన బండి అది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కోటు విప్పి ముందు ఆయిలు చూసుకుని తర్వాతే భోజనానికి కూర్చునేవాడు. ఆ మీగడ రంగు మీద చిన్న గీత పడితే రెండు రోజులు ముఖం మాడ్చుకునేవాడు. అడిలైడ్‌లో మనవాళ్ళు చేత్తో బిగించిన ఆరు సిలిండర్ల బండి. అదిచ్చి జపాను బండి తెచ్చుకున్నావు. నలభై ఐదులో బోర్నియోలో నేను ఎవరి మీద పోరాడానో మరిచిపోయావా, లేక గుర్తుండే చేశావా?

అరవై నాలుగేళ్ళ మనిషివి. నీకు టర్బో ఎందుకు? కరిండాలో పోస్టాఫీసుకూ చర్చికీ మధ్య ఎంత వేగంగా పోవాలి?

ఒక్క మాట అడిగి ఉంటే ఓడెక్కి వచ్చి నేనే తీసుకునేవాణ్ణి. ఆ బండి మీద ఆధారపడ్డవాళ్ళు ఉన్నారు, కనీసం ఆ సంగతైనా ఆలోచించాల్సింది. ఏ డీలరుకిచ్చావో వెంటనే రాయి. ఫోను మాత్రం చెయ్యకు. ఎక్స్ఛేంజ్‌లో వెర్నా ప్రతి మాటా వింటుందని నువ్వే అంటావు, ఈ గొడవ ఆమె నోట్లో పడటం నాకిష్టం లేదు.

కోపంగా,
డెస్


కరిండా, దక్షిణ ఆస్ట్రేలియా
ఏప్రిల్ 29, 1985

తమ్ముడు డెస్‌కు,

నీ కోపం అందింది. స్టాంపు తలకిందులుగా అంటించి ఉంది, కవరు విప్పకముందే తెలిసింది.

ముందు జపాను సంగతి. నువ్వు సాయంత్రం వార్తలు చూసే టీవీ ఎక్కడిది? నీ చేతి గడియారం ఎక్కడిది? పోయినసారి నేను వచ్చినప్పుడు గ్లెండా ముచ్చటపడి చూపించిన కుట్టుమిషను ఎక్కడిది? వాటికి బోర్నియో అడ్డం రాలేదా?

ఇక బండి. మార్చి మొదట్లో పోర్ట్ లింకన్ వెళ్ళాను. షోరూములో సన్నటి టై కట్టుకున్న ఒకాయన నన్ను దాటి తలుపు వైపు చూస్తూ, "మీవారు బండి పార్క్ చేస్తున్నారా అమ్మా?" అన్నాడు.

"శ్మశానంలో ఉన్నారు. రావడం కుదరదు," అన్నాను.

పాపం ఎర్రబడ్డాడు. తర్వాత నాకొక చిన్న బండి చూపించి, "మీకు షాపింగుకు వెళ్ళిరావడానికి సరిపోతుంది" అన్నాడు. దుకాణం మా ఇంటికి ఎదురుగానే ఉంది, నడిచి వెళతానని చెప్పాను. దాని పక్కన ఎర్రటి సెడాన్ ఉంది, బానెట్ మీద ముక్కురంధ్రంలా ఒక సందు. అదేమిటని అడిగాను. టర్బో కోసం అన్నాడు. టర్బో అంటే ఏమిటన్నాను. బయటికి పోయే పొగతో ఒక పంకా తిరుగుతుందట, ఆ పంకా గాలిని మళ్ళీ ఇంజనులోకి నెడుతుందట, దాంతో బండికి బలం వస్తుందట.

"అంటే ఊరికే పోయే పొగే తిరిగొచ్చి బండిని తోస్తుందా?"

"అంతేనమ్మా."

"నాకిదే కావాలి," అన్నాను.

నడిపి చూడమన్నాడు. నేను నడుపుతుంటే పక్కన కూర్చుని కాలి కింద లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. నలభై ఏళ్ళుగా గోధుమ లారీల వెనక దుమ్ము మింగాను. మీ బావ ఏనాడూ ఒక్కదాన్ని దాటలేదు. "వాడూ అటేగా పోయేది" అనేవాడు. మొన్న మంగళవారం నేను మూడింటిని దాటాను.

ఒకటి మాత్రం మారింది. మన రోడ్ల మర్యాద నీకు తెలుసు. ఎదురొచ్చే బండి తెలిసినదైతే స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేస్తుంది. దూరం నుంచి మనిషి ముఖం ఏం కనిపిస్తుంది, బానెట్ చూసి వేలెత్తుతారు. ఇప్పుడు నా బానెట్ ఎవరికీ తెలీదు. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లలు కూడా పెద్దవాళ్ళై, నన్నెవరో టూరిస్టు అనుకుని తలతిప్పకుండా పోతున్నారు. జాలిపడకు. నాకు హాయిగా ఉంది.

ఎందుకిచ్చానని అడగొద్దు. పాత బండి వారంలోనే అమ్ముడుపోయింది, ఎవరు కొన్నారో నేను అడగలేదు. నిన్ను అడిగేది మాత్రం ఒకటుంది. "ఆ బండి మీద ఆధారపడ్డవాళ్ళు" అని రాశావు. ఎవరు వాళ్ళు? పేర్లతో రాయి.

మెర్ల్


అల్వర్‌స్టన్
మే 10, 1985

పెద్దక్కకు,

టీవీ గ్లెండా కొన్నది. ఆ మాట ముందే చెబుతున్నాను.

ఆధారపడ్డవాళ్ళంటే ఎవరని చెప్పను? చర్చిలో ముసలివాళ్ళు. ఊళ్ళో మంటలార్పే దళం. ఎవరికి అవసరమొచ్చినా బావ తీసుకెళ్ళేవాడు కదా. ఏదో మాటవరసకు అన్నాను, నువ్వు దాన్ని పట్టుకుని పీకుతున్నావు.

నాకు నిజంగా కష్టం కలిగించింది నీ ఎగతాళి. శ్మశానం మీద జోకు. ఆయన లారీలు దాటేవాడు కాదని జోకు. అలాంటి మనిషి మళ్ళీ దొరుకుతాడా? నలభై ఏళ్ళలో నిన్నొక్క మాట అన్నాడా? జీవితంలో ఒక్క అబద్ధం చెప్పని మనిషి. ఆయన గుర్తుగా మిగిలింది ఆ బండి. యెల్టానా రోడ్డు మీద ఆ గుంతల్లో కూడా పడవలా పోయేది. అలాంటి దాన్ని సన్న టై వాడి చేతిలో పెట్టి వచ్చావు.

ఇక్కడ వానలు. ఆపిల్ కోతలు అయిపోయాయి. ఇంతకంటే రాయడానికి మనసు రావడం లేదు.

డెస్


కరిండా
మే 22, 1985

డెస్,

నీ ఉత్తరం వంటింటి బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. "ఒక్క అబద్ధం చెప్పని మనిషి" అన్నచోట పెన్సిలుతో గీత పెట్టాను. "యెల్టానా రోడ్డు మీద పడవలా" అన్నచోట రెండు గీతలు పెట్టాను. ఆ రోడ్డు మీద ఆ బండి ఎలా పోయేదో నీకెవరు చెప్పారు?

నాకిక్కడి నుంచి యెల్టానా ముప్పై ఐదు మైళ్ళు. ఆ ఊళ్ళో నీ చిన్నక్క ఊనా ఉంది కాబట్టి పదహారేళ్ళుగా నేను ఆ దారి తొక్కలేదు. మీ బావా తొక్కలేదనే అనుకున్నాను.

ఫిబ్రవరిలో పొలాలు అంటుకుని పెద్దరోడ్డు మూసేశారు. నాకు వయాలాలో పళ్ళ డాక్టరు దగ్గర పని ఉంది. పోలీసులు బండ్లను యెల్టానా మీదుగా మళ్ళించారు. తప్పక వెళ్ళాను. పది మైళ్ళు పోయాక ఎదురుగా గోధుమ లారీ వచ్చింది. డ్రైవరు వేలెత్తాడు. ఎవరో తెలిసినవాడేమో అనుకుని నేనూ ఎత్తాను. తర్వాత పోస్టు వ్యాను, వేలు. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన ఏకంగా టోపీ ఎత్తాడు. పెరట్లో బట్టలారేస్తున్న ఒకావిడ దుప్పటి భుజాన వేసుకుని చెయ్యూపింది. ఊరు చేరేలోపు పదకొండు బండ్లు వచ్చాయి, పదకొండు వేళ్ళు లేచాయి. ఒక్కరి పేరూ నాకు తెలీదు. దగ్గరికొచ్చి అద్దంలో నన్ను చూడగానే అందరూ వేళ్ళు దించేసుకుంటున్నారు.

యెల్టానాలో పెట్రోలుకు ఆగాను. బంకు ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుర్రాన్ని తట్టినట్టు బానెట్ తట్టాడు.

"హమ్మయ్య, క్లెమ్ బండి. ఊనాగారి కోసమేగా వచ్చారు? ఆయన పోయినకాణ్ణుంచి ఆవిణ్ణి వయాలా తీసుకెళ్ళే దిక్కే లేకుండా పోయింది."

"వయాలా ఎందుకు?" అన్నాను.

"కళ్ళకి. షుగరు కళ్ళలోకి దిగింది కదండీ. నాలుగేళ్ళ నుంచి రెండు వారాలకోసారి, గురువారం పొద్దున్నే ఏడింటికల్లా ఈ బండి ఆవిడ గేటు ముందుండేది. మీకు తెలీదా? ఇంతకీ మీరెవరు?"

ఎవరినో చెప్పలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను.

గురువారం అంటే గొర్రెల సంత, డెస్. నాలుగేళ్ళు రెండు వారాలకోసారి సంతకని వెళ్ళాడు. ఒక్క గొర్రెను తేలేదు. "ధరలు బాగోలేవు" అనేవాడు. నాలుగేళ్ళ పాటు ధరలు బాగోలేకపోతే ఈ దేశంలో గొర్రెల కాపరి మిగులుతాడా అని నాకు తట్టలేదు. నేనే తెల్లారి లేచి మాంసం సాండ్‌విచ్‌లు కట్టి ఇచ్చేదాన్ని. "రెండెక్కువ పెట్టు, అక్కడ ఆకలేస్తుంది" అనేవాడు. పెట్టేదాన్ని. ఆవాల ముద్ద ఎక్కువ రాసి పెట్టమన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఆయనకు ఆవాలు పడవు, ఊనాకు ప్రాణం.

లారీవాడికి తెలుసు. పోస్టువాడికి తెలుసు. బట్టలారేసే ఆవిడకు తెలుసు. ఆ దారిలో గొర్రెలకు కూడా తెలిసే ఉంటుంది. నా చెవిలో మాత్రం పువ్వు పెట్టారు. ఆ పదకొండు వేళ్ళూ నన్ను చూసి నవ్వినట్టే ఉంది. ఆ బండిలో మళ్ళీ కూర్చోలేకపోయాను. రెండు వారాల్లో వదిలించుకున్నాను. ఇదీ కారణం. విన్నావుగా?

ఇప్పుడు చెప్పు. నీకెప్పటి నుంచి తెలుసు?

మెర్ల్


అల్వర్‌స్టన్
జూన్ 4, 1985

పెద్దక్కకు,

మొదటి నుంచీ తెలుసు. నేనే మొదలుపెట్టాను.

నాలుగేళ్ళ కిందట చిన్నక్క గ్లెండాకు రాసిన ఉత్తరంలో అక్షరాలు వరస తప్పి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నేను భయపడి బావకు రాశాను, నీ కంట పడకుండా గోధుమ గోదాము ఆఫీసు చిరునామాకు. ఒకసారి చూసి రమ్మని, నీకు చెప్పొద్దని. ఒకసారే వెళ్ళమన్నాను. ఆయన నాలుగేళ్ళు వెళ్ళాడు. తిట్టాలనుంటే నన్ను తిట్టు, చచ్చిపోయినవాణ్ణి వదిలేయ్.

ఇక నేను కూడా కొంత తిట్టాలి. పోయినసారి నుంచి ఒళ్ళు మండుతోంది.

బంకు దగ్గర నువ్వు విన్నావు. కళ్ళని విన్నావు. తీసుకెళ్ళే దిక్కు లేదని విన్నావు. విని ఏం చేశావు? వెళ్ళి బండి మార్చావు. నీకు తెలియనివ్వలేదన్న పరువు గురించి నాలుగు పేజీలు రాశావు. చిన్నక్క కళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఒక్క కేకు కోసం పదహారేళ్ళు మాట్లాడని మనిషివి, ఇప్పుడు కూడా నీ లెక్క నీదే.

బావ పోయాక చిన్నక్క డాక్టరు దగ్గరికి మూడే సార్లు వెళ్ళగలిగింది. పక్కింటాయన తీసుకెళ్ళాడు, ఆయనకు నడుం పట్టేసింది. బస్సు మంగళవారం పోతుంది, డాక్టరు గురువారం వస్తాడు. నన్ను వెళ్ళమంటావా? నాకు మధ్యలో సముద్రం ఉంది. నీకు ముప్పై ఐదు మైళ్ళు. కొత్త బండి, పొగతో తిరిగే పంకా, లారీలు దాటే సరదా, అన్నీ ఉన్నాయి.

నీకు చెప్పేయమని బావకు ఎన్నిసార్లు రాశానో. ఆయన ఏమన్నాడో తెలుసా? కిందటేడు ఫోనులో అన్నాడు, వెర్నా విన్నా సరేనని: "మెర్ల్‌కి చెబితే నన్ను కూడా ఊనా పక్కన చేర్చేస్తుంది. ఈ వయసులో నేను ఇంకో కొంప వెతుక్కోలేను." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

డెస్


కరిండా
జూన్ 17, 1985

డెస్,

"ఒక్క కేకు" అని ఎంత తేలిగ్గా రాశావు. నువ్వు ఆ హాల్లో లేవు.

అరవై తొమ్మిదిలో, అమ్మ పోయిన ఏడు, యెల్టానా వ్యవసాయ ప్రదర్శన. అమ్మ చేతి కొలతల ప్రకారం పళ్ళ కేకు చేశాను. నెల ముందే చేసి బ్రాందీ పట్టిస్తూ దాచాను. అమ్మ పళ్ళెంలోనే పెట్టి తీసుకెళ్ళాను. పోటీలో పేర్లుండవు, నంబర్లే. కానీ అంచున నీలం పువ్వులున్న ఆ పళ్ళెంలో మనం ముగ్గురం తిని పెరిగాం. ఊనా ఆ ఏడు న్యాయనిర్ణేత. తెల్లకోటు వేసుకుని కేకు తిరగేసి చూసి, కార్డు మీద రాసి అక్కడే నిలబెట్టింది: "అడుగున జాలీ గీతలు. పోటీకి పనికిరాదు."

ఆ నియమం నాకు తెలియదనా? చల్లార్చే తీగల జాలీ అచ్చు కేకు మీద పడకూడదని పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుకే జాలీ మీద తువ్వాలు పరిచాను. అవి తువ్వాలు నేత గీతలు. ఊనా నన్ను అడిగిందా? సాయంత్రం దాకా ఊరు ఊరంతా వరసకట్టి ఆ కార్డు చదివింది. అమ్మను తీసుకొచ్చి నలుగురిలో పనికిరాదన్నట్టు ఉంది నాకు. ఇంటికొచ్చి ఆ కేకు కోళ్ళకు వేశాను.

సరే, అది నాకూ దానికీ ఉన్న గొడవ. ఇన్నాళ్ళూ ఆ కోపంతోనే నిటారుగా నిలబడ్డాను, నీకు నవ్వులాటగా ఉంటే నవ్వుకో.

కానీ మీ బావ అన్న మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది. నలభై ఏళ్ళు ఒక మనిషికి వండిపెట్టాను. జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. ఆఖరి పది రోజులూ ఆయన గోళ్ళు కూడా నేనే తీశాను. ఆ పది రోజుల్లో కూడా చెప్పలేదు. నేను ఇంట్లోంచి గెంటేస్తానని భయపడుతూ పోయాడా? నేను అలాంటిదాన్నని నా ఇంట్లో మనిషే అనుకున్నాడా? రాసినందుకు నీ మీద కోపంగా ఉంది. అన్నందుకు ఆయన మీద కోపంగా ఉంది. ఆయన చేత అలా అనిపించినదాని మీద ఎలా కోప్పడాలో తెలియడం లేదు, అది నేనే కాబట్టి.

నేను వెళ్ళను. ఆ మాట స్పష్టంగా రాస్తున్నాను.

ఆ డాక్టరు ఎన్ని గంటలకు చూస్తాడు? రెండు వారాలకోసారి అంటే ఏ గురువారాలు? ఊరికే అడుగుతున్నాను.

మెర్ల్


అల్వర్‌స్టన్
జూన్ 28, 1985

పెద్దక్కకు,

రెండో గురువారం, నాలుగో గురువారం. వయాలాలో పదిన్నరకి. యెల్టానా నుంచి ఎనభై మైళ్ళు, మధ్యలో కంగారూలు అడ్డం పడతాయి కాబట్టి ఏడింటికి బయల్దేరాలి. చర్చి దాటాక ఎడమవైపు మూడో గేటు, గేటు మీద పాల డబ్బా వేలాడుతుంటుంది. హారను కొట్టొద్దు, ఉలిక్కిపడుతుంది. బావ బండిని శబ్దంతో గుర్తుపట్టేది, నీది గుర్తుపట్టదు. కాబట్టి దిగి మాట్లాడాలి.

ఊరికే రాస్తున్నాను.

డెస్


కరిండా
జూలై 12, 1985

తమ్ముడు డెస్‌కు,

నిన్న వెళ్ళాను.

గేటు దగ్గర ఊనా కోటు వేసుకుని నిలబడి ఉంది. ఎవరూ రారని తెలిసీ రెండో గురువారం, నాలుగో గురువారం తయారై నిలబడుతుందట. నేను దిగాను. అది నా వైపు కాదు, నా భుజం పక్కన ఎక్కడో చూస్తోంది.

"ఎవరదీ?"

"నేను."

"నేనంటే?"

"మెర్ల్‌ని."

"ఎవరు పోయారు? డెస్ బాగానే ఉన్నాడా?" అంది.

"ఎవరూ పోలేదు. ఎక్కు, ఆలస్యమవుతోంది."

సీటు తడిమి చూసింది. "ఇది క్లెమ్ బండి కాదే."

"కాదు. ఇచ్చేశాను."

"ఎందుకు?"

"పాతదైపోయింది," అన్నాను. డెస్, ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. మీ బావను ఇన్ని నెలలు తిట్టాను కదా, నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

పది మైళ్ళు పోయాం. తర్వాత అది, "అవి జాలీ గీతలే అక్కా" అంది.

"తువ్వాలువి."

"వేలు పెట్టి చూశాను. తువ్వాలు సన్నంగా ఉంటుంది, జాలీ లోతుగా ఉంటుంది. నువ్వు తువ్వాలు పల్చటిది వేసుంటావు."

"అమ్మ పళ్ళెమని తెలిసే రాశావా?"

"తెలిసే రాశా. రాయకపోతే, అక్క కదాని చూసీచూడనట్టు పోనిచ్చిందంటారని రాశా. నువ్వు వచ్చి నాలుగు తిడతావనుకున్నా. రాలేదు. పదహారేళ్ళు నీ తిట్ల కోసం చూశా."

తిట్టాను. బాకీ ఏమీ ఉంచకుండా తిట్టాను. అదీ ఊరుకోలేదు. అమ్మ చివరి రోజుల్లో ఎవరు ఎన్నాళ్ళు చేశారన్న దగ్గర్నుంచి నా పెళ్ళిలో దాని గౌనుకు నేను కుట్టిన కుట్టు దాకా అన్నీ వచ్చాయి. గొంతులు పోయేదాకా అరుచుకున్నాం. ఎప్పుడు ఊళ్ళోకి వచ్చామో తెలీలేదు, గంట ముందే చేరాం. బండి బాగా లాగుతుందని అది మెచ్చుకుంది కూడా.

ఇక్కడిదాకా రాసి రెండుసార్లు పెన్ను కింద పెట్టాను.

డాక్టరు దాని కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను బయటికి పిలిచాడు. కుడి కన్ను అయిపోయిందట. లోపల రక్తం కారి, పొర ఊడి వచ్చేసిందట. ఇక ఏం చేసినా రాదట. ఎడమ కన్ను క్రమం తప్పకుండా లేజరు పెడితే నిలుస్తుందట.

"మార్చిలో తీసుకొచ్చి ఉంటే రెండూ నిలబెట్టేవాణ్ణి," అన్నాడు. "అప్పుడు ఎవరూ లేరా?"

మార్చిలో నేను పోర్ట్ లింకన్‌లో ఎర్ర బండి నడిపి చూస్తున్నాను, డెస్. నాకు తెలుసు. ఫిబ్రవరి నుంచి తెలుసు. తీసుకెళ్ళే బండీ నా చేతిలోనే ఉంది. నేను దాని కన్ను మీద కోపం తీర్చుకున్నాను.

నాకు ముందే తెలుసని దానికి తెలీదు. నువ్వు మొన్ననే నాకు చెప్పావని అనుకుంటోంది. తిరిగొచ్చే దారంతా, "పోన్లే అక్కా, తెలిశాక ఒక్కరోజు ఆగలేదు నువ్వు" అని చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ఊరుకున్నాను. ఏం చెయ్యమంటావు?

మెర్ల్


అల్వర్‌స్టన్
జూలై 18, 1985

పెద్దక్కకు,

చెప్పేయ్.

పోయిన ఉత్తరాల్లో నిన్ను చాలా అన్నాను, అందులో సగం నన్ను నేను అనుకోవాల్సింది. నేను కూడా ఫిబ్రవరిలో నీకు ఒక ఉత్తరం రాసి ఉండాల్సింది. రాయలేదు. నీ కోపానికి భయపడి బావ దాచాడు, చిన్నక్క దాచింది, నేను దాచాను. నలుగురిలో ఇప్పుడు దాస్తున్నది నువ్వు. నువ్వే ఎలా ఉంటుందో రాశావు, అందరికీ తెలిసి మనకు తెలియకపోవడం.

చిన్నక్క నిన్ను వదిలేసినా చెప్పేయ్. అలా జరిగితే నేను ఓడెక్కి వస్తాను.

డెస్


కరిండా
జూలై 26, 1985

తమ్ముడు డెస్‌కు,

చెప్పాను.

నిన్న పొద్దున బాగా మంచు పడింది. అద్దం గీక్కుని బయల్దేరేసరికి ఆలస్యమై, ఏడుంపావుకి దాని గేటు దగ్గరికి చేరాను. యెల్టానా దాటి పది మైళ్ళు పోయాక చెప్పాను. తిప్పకుండా చెప్పాను. "ఫిబ్రవరిలో బంకు ఆయన నాకు చెప్పాడు. నీ కళ్ళ సంగతి, నిన్ను తీసుకెళ్ళేవాళ్ళు లేరన్న సంగతి. నేను వెళ్ళి బండి మార్చుకున్నాను. మార్చిలో వచ్చి ఉంటే నీ కుడి కన్ను ఉండేదని డాక్టరు అన్నాడు."

అది సంచి బద్దీని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది. తర్వాత "బండాపు" అంది.

ఆపాను. దిగింది. తడుముకుంటూ వెళ్ళి పొలం కంచె తీగ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, వయాలా వైపే. ఇంకా డెబ్భై మైళ్ళుంది. నేను వంగి దాని వైపు తలుపు వేసి, మొదటి గేరులో వెనకాలే పోనిచ్చాను. ఈ బండి నడకకు పుట్టింది కాదు, ఒకటే గింజుకుంది. వెనక నుంచి గొర్రెల లారీ ఒకటి వచ్చి ఆగింది.

"ఏమన్నా సాయం కావాలా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"వద్దు. మా చెల్లెలికి నా మీద కోపమొచ్చింది."

అతను దాన్ని చూసి, నన్ను చూసి, తల ఊపి నెమ్మదిగా చుట్టుతిప్పుకుని పోయాడు.

అరమైలు నడిచింది. ఏడుస్తూ నడిచింది, నాకు వినిపిస్తూనే ఉంది. నేనూ ఏడ్చాను, కిటికీ దించుకుని మరీ, దానికి వినపడాలని. ఒకచోట గేటు తీసి ఉంది, కంచె తీగ అక్కడికి ఆగిపోయింది. చెయ్యి ముందుకు చాచి గాలిలో వెతుక్కుంటూ నిలబడిపోయింది. నేను తలుపు తీశాను.

"దిగకు," అంది.

దిగలేదు. ఇంజను ఆపకుండా ఉంచాను. ఆ చప్పుడు పట్టుకుని తనే వెనక్కి నడిచి వచ్చింది. బానెట్ మీద చెయ్యి వేసి, అక్కడి నుంచి అద్దం, అక్కడి నుంచి తలుపు తడుముకుని ఎక్కి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు మంచులా ఉన్నాయి. హీటరు పెంచాను.

"ఎక్కానని క్షమించేశాననుకోకు," అంది.

"అనుకోవడం లేదు."

"ఏడుంపావుకొచ్చావు ఇవాళ. క్లెమ్ ఏడింటికల్లా గేటు దగ్గరుండేవాడు, నాలుగేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. చలిలో నిలబడలేను నేను. వచ్చేసారి ఏడింటికి రా."

మెర్ల్